ప్రిఫెక్టులంతా ఉన్నారు, బిషప్పులే లేరు: పీఎల్ఆర్ఈ మూడు సంపుటాల మీద ఒక రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది కూర్చుని చదువుకునే పుస్తకం కాదు, పక్కన పెట్టుకుని వాడుకునే పుస్తకం. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాళ్ళు దీన్ని రాసినవాళ్ళూ ప్రూఫులు దిద్దినవాళ్ళూ తప్ప ఇంకెవరూ ఉండరనుకుంటా. కానీ చివరి రోమన్ కాలపు రాజకీయాల మీద గానీ సమాజం మీద గానీ కాస్త గట్టిగా పని చేయాలంటే, అది పీహెచ్‌డీ కానివ్వండి, ఊరికే ఇష్టం కొద్దీ తవ్వుకోవడం కానివ్వండి, ఎప్పుడో ఒకప్పుడు దీని గడప తొక్కక తప్పదు. అందుకే ఇది దేనికి పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలిసి తెరిస్తే మంచిది.

పూర్తి పేరు ప్రోసోపోగ్రఫీ ఆఫ్ ద లేటర్ రోమన్ ఎంపైర్, అంటే చివరి రోమన్ కాలపు మనుషుల వివరాల పట్టిక. అంత పొడుగు పేరు ఎవరూ అనరు, పీఎల్ఆర్ఈ అంటారు. ప్రచురణ కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్. మొదటి సంపుటం 1971లో వచ్చింది, క్రీ.శ. 260 నుంచి 395 దాకా. రెండోది 1980లో, 395 నుంచి 527. మూడోది 1992లో, 527 నుంచి 641, అది రెండు భాగాలు. ఒక్కో సంపుటం వెయ్యి పేజీలు దాటుతుంది. లోపల ఉండేది ఇదీ: ఆ కాలంలో సామ్రాజ్యంలో పెద్ద ఉద్యోగం చేసినవాళ్ళు, సెనేటర్లు, సైన్యాధికారులు, లాయర్లు, వైద్యులు, పంతుళ్ళు, కవులు, వాళ్ళ భార్యాపిల్లలు అక్షరక్రమంలో ఉంటారు. ఒక్కొక్కరు ఎప్పుడు ఏ పదవిలో ఉన్నారు, ఎవరి కొడుకు, ఎవరి అల్లుడు, ఈ సంగతి మనకి ఏ మూలంలో దొరికింది అన్నది వాళ్ళ ఎంట్రీలో ఉంటుంది. పేరు తెలియనివాళ్ళకి చివర్లో వేరే చోటు ఉంది, అనామకుడు ఫలానా నంబరు అని.

ఈ ఆలోచన పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ పండితుడు మామ్సెన్ నాటిది. యుద్ధాల దెబ్బకి అక్కడ ఆగిపోయి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండులో ఏ.హెచ్.ఎం. జోన్స్ చేతికి వచ్చింది. మొదటి సంపుటం అచ్చై వచ్చేసరికి జోన్స్ లేడు, 1970లోనే చనిపోయాడు. మిగతా బరువంతా మోసింది జె.ఆర్. మార్టిండేల్.

ఎలా పని చేస్తుందో చూడాలంటే మొదటి సంపుటంలో ప్రోబస్ 5 తీయండి. ఒకే పేరు ఉన్నవాళ్ళకి ఇందులో వరస నంబర్లు ఇచ్చారు, ఆ నంబర్లు ఎంతగా అలవాటైపోయాయంటే పరిశోధకులు మాటల్లో కూడా "ప్రోబస్ 5", "సిమ్మాకస్ 4" అనే అంటారు. ఈ ప్రోబస్ అసలు పేరు సెక్స్టస్ క్లాడియస్ పెట్రోనియస్ ప్రోబస్. 371లో కాన్సల్ (ఏడాదికి ఇద్దరికి దక్కే పెద్ద గౌరవ పదవి), అదీ చక్రవర్తి గ్రేషియన్‌తో కలిసి. అంతకన్నా ముఖ్యంగా మళ్ళీ మళ్ళీ ప్రిటోరియన్ ప్రిఫెక్ట్. పేరు చూసి ఇదేదో సేనాపతి పదవి అనుకోకండి. నాలుగో శతాబ్దపు చక్రవర్తి కాన్‌స్టంటైన్ తర్వాత ఆ ఉద్యోగానికి సైన్యాన్ని నడిపే పని పోయి, సైన్యానికి తిండి పెట్టే పని మిగిలింది. పన్నులు, ధాన్యం, అప్పీళ్ళు, గవర్నర్ల మీద అజమాయిషీ అన్నీ ప్రిఫెక్ట్ చేతిలోనే, మామూలు ఉద్యోగాల్లో దానికి మించింది లేదు.

ఇక ఆ ఎంట్రీలో సూచించిన మూలాలు ఒక్కొక్కటీ తీసి చూస్తే ఆట మొదలవుతుంది. ఆయన్ని పొగుడుతూ చెక్కించిన రాతి శాసనాల్లో ఆయన పెద్దింటితనానికి శిఖరం, విద్యకి దీపం. అదే మనిషి గురించి చరిత్రకారుడు అమ్మియానస్ ఏమంటాడంటే, ప్రిఫెక్ట్ పదవి లేనప్పుడు ఒడ్డున పడ్డ చేపలా గిలగిల్లాడేవాడట, పైగా ఆ పదవుల యావ కూడా సొంతది కాదు, కుటుంబం వాళ్ళ దురాశ వల్ల పట్టిందట. సెయింట్ జెరోమ్ ఇంకో అడుగు ముందుకేసి, ఇల్లిరికం (ఇప్పటి బాల్కన్ల వైపు) ప్రాంతాన్ని అనాగరిక జాతులు నాశనం చేయకముందే ఈయన పన్నులతో గీకి పారేశాడు అని రాశాడు. ఈ మూడు గొంతుకల్లో ఏది నమ్మాలో పీఎల్ఆర్ఈ చెప్పదు. తేదీ, పదవి, మూలం, అంతే. చాలామందికి ఈ పొడితనం నచ్చదు. నాకు ఇదే దీని బలం అనిపిస్తుంది, ఎందుకంటే మామూలు చరిత్ర పుస్తకంలో రచయిత అప్పటికే అమ్మియానస్ పక్షమో శాసనాల పక్షమో తీసేసుకుని ఉంటాడు, మనం ఆ తీర్పుతోనే మొదలవుతాం. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు.

ఈ తేదీలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయన్నది తెలుసుకోకుండా వాడితే మాత్రం ప్రమాదం. నాలుగో శతాబ్దపు ఉద్యోగుల జీవితాల్లో పెద్ద భాగం థియోడోసియన్ కోడ్ నుంచి అల్లిందే. 438లో వెలువడిన ఆ చట్టాల సంకలనంలో ప్రతి చట్టానికీ పైన ఫలానా పదవిలో ఉన్న ఫలానా వ్యక్తికి అని ఉంటుంది, కింద ఊరు, రోజు, ఆ ఏడాది కాన్సల్స్ పేర్లు ఉంటాయి. సంవత్సరానికి నంబరు బదులు ఇద్దరు కాన్సల్స్ పేర్లు చెప్పుకునే పద్ధతి కదా, చక్రవర్తి కాని చివరి కాన్సల్ బాసిలియస్, 541లో. సరే, ఇలాంటి చట్టాలు ఓ నాలుగు పోగేస్తే ఒక మనిషి ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ప్రిఫెక్ట్‌గా ఉన్నాడో గీత గీయొచ్చు. అయితే చక్రవర్తులు చాలామంది ఒకే పేరుతో మళ్ళీ మళ్ళీ కాన్సల్ అయ్యారు, ఎన్నోసారి అన్న అంకె నకళ్ళు రాసేవాళ్ళ చేతిలో ఇట్టే తారుమారైపోతుంది. దానికి తోడు చట్టం ఇప్పటి జర్మనీలో ఉన్న ట్రియర్‌లో ఇచ్చిన రోజు ఒకటి, అది ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో గోడకెక్కిన రోజు ఇంకొకటి, మధ్యలో నెలలు గడిచిపోతాయి. ఏది ఏ తేదీయో కలగాపులగమైతే ఒకే ఉద్యోగంలో ఒకేసారి ఇద్దరు కనబడతారు, లేదా ఒకే మనిషి ఒకేసారి రెండు ఖండాల్లో కనబడతాడు. పీఎల్ఆర్ఈ ఇలాంటి చోట్ల తేదీని దిద్ది పెడుతుంది, దిద్దామనీ చెబుతుంది, కానీ ఆ దిద్దుబాటు ఒక ఊహ అన్న సంగతి తొందర్లో ఉన్న పాఠకుడి కంటపడదు. మీ వాదన మొత్తం ఒక్క ఏడాది తేడా మీద నిలబడితే మటుకు కోడ్ తెరిచి ఆ చట్టం మీ కళ్ళతో చూసుకోండి.

చాలామంది పట్టించుకోని భాగం చివర్లో ఉంది. నన్నడిగితే డబ్బులకి సరిపడా సరుకు అక్కడే ఉంది. ఒకటి పదవుల వారీ జాబితాలు: కాన్సల్స్, ప్రిటోరియన్ ప్రిఫెక్టులు, రోమ్ నగర ప్రిఫెక్టులు, కాన్‌స్టాంటినోపుల్ ప్రిఫెక్టులు, సేనాపతులు, ఒక్కో ప్రావిన్సుకీ తెలిసిన గవర్నర్లు, అందరూ వరసగా. నోటీషియా డిగ్నిటాటమ్ అని ఆ కాలం నాటి ఒక అధికారిక జాబితా ఉంది, దాంట్లో కుర్చీలన్నీ ఉంటాయి, కూర్చున్నవాళ్ళ పేర్లు ఉండవు. దాన్నీ ఈ జాబితాల్నీ పక్కపక్కన పెట్టుకుంటే ఏ కుర్చీలో ఎవరున్నారో తెలుస్తుంది, ఎన్ని కుర్చీల గురించి మనకి ఒక్క పేరూ మిగల్లేదో కూడా తెలుస్తుంది, ఈ రెండోది ఇంకా విలువైన సమాచారం.

రెండోది వంశవృక్షాలు. ఆసోనియస్ ఇంటిది తీయండి. బోర్డోలో పాఠాలు చెప్పుకునే పంతులు, రాజకుమారుడు గ్రేషియన్‌కి చదువు చెప్పడానికి ఆస్థానానికి వెళ్ళాడు. 375లో ఆ కుర్రాడి చేతికి అధికారం వచ్చింది. ఆ తర్వాత నాలుగైదేళ్ళలో ఏం జరిగిందంటే, పంతులుగారు గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ వైపు) ప్రిఫెక్ట్ అయ్యి 379లో కాన్సల్ కూడా అయ్యారు, కొడుకు హెస్పీరియస్ ఆఫ్రికాకి ప్రోకాన్సల్ (పెద్ద హోదా గవర్నరు) అయ్యి తర్వాత ప్రిఫెక్ట్, అల్లుడు థలాసియస్ కూడా ఆఫ్రికాకి ప్రోకాన్సల్, బంధువు అర్బోరియస్ రోమ్ నగర ప్రిఫెక్ట్. ఆఖరికి వృత్తికి వైద్యుడైన, బాగా ముసలివాడైన తండ్రికి కూడా ఇల్లిరికం ప్రిఫెక్ట్ హోదా దక్కింది. ఇవన్నీ అక్షరక్రమంలో వేరువేరు పేజీల్లో చూస్తే మామూలు ఉద్యోగ వివరాలే. వంశవృక్షం మీద గుర్తులు పెట్టుకుంటూ వస్తే ఒక ఇల్లు ఒక ప్రభుత్వాన్ని ఎలా పట్టేసిందో కళ్ళకి కడుతుంది. ప్రోబస్ ఇల్లూ అంతే, ఇద్దరు కొడుకులు ఒలిబ్రియస్, ప్రోబినస్ ఒకే ఏడాది 395లో కాన్సల్స్, ఇంకో కొడుకు 406లో.

పేర్ల దగ్గర ఒక చిన్న చిట్కా. ఎంట్రీలు పేరులో చివరి భాగాన్ని బట్టి ఉంటాయి, కాబట్టి ఫ్లావియస్ అని వెతక్కండి. కాన్‌స్టంటైన్ తర్వాత సర్కారు కొలువులో, సైన్యంలో ఉన్నవాళ్ళంతా ఆ పేరు ముందు తగిలించుకున్నారు, అది హోదాకి గుర్తే గానీ ఇంటిపేరు కాదు. మామూలు జనం ఎక్కువగా ఆరీలియస్‌గానే ఉండిపోయారు, 212లో చక్రవర్తి కారకల్లా అందరికీ పౌరసత్వం ఇచ్చినప్పటి పేరది.

ఇక తిట్ల కార్యక్రమం.

అతి పెద్ద లోపం మతగురువులు లేకపోవడం. మొదట్లో అనుకున్న పని పంపకం ఏంటంటే, లౌకిక ఉద్యోగులు ఇంగ్లండువాళ్ళకి, క్రైస్తవ మతానికి సంబంధించినవాళ్ళు ఫ్రెంచివాళ్ళకి. కాగితం మీద బాగానే ఉంది. కానీ నాలుగో శతాబ్దం నుంచి బిషప్ అనేవాడు ఊళ్ళో అసలైన రాజకీయ నాయకుడు, తగాదాలు తీర్చేది ఆయన, పన్ను తగ్గించమని చక్రవర్తి దగ్గరికి వెళ్ళేది ఆయన, గుంపుని వీధిలోకి దింపగలిగేదీ ఆయనే. 415లో అలెగ్జాండ్రియాలో హైపేషియా హత్య మీద పని చేస్తున్నారనుకోండి. రెండో సంపుటంలో హైపేషియా ఉంది, గణితం, తత్వశాస్త్రం చెప్పిన మనిషి కాబట్టి. ఈజిప్టు ప్రిఫెక్ట్ ఒరెస్టెస్ ఉన్నాడు, ఉద్యోగి కాబట్టి. ఆ ప్రిఫెక్ట్‌తో బాహాబాహీకి దిగిన బిషప్ సిరిల్‌కి ఎంట్రీ లేదు! కొట్లాటలో ఒక పక్షాన్ని మొత్తంగా ఎత్తేసినట్టు. ఇంకో విడ్డూరం మిలాన్ బిషప్ ఆంబ్రోస్. ఆయన 374లో బిషప్ కాకముందు ఆ ప్రాంతానికి గవర్నరు, ఆ లెక్కన ఆయనకి చోటు దొరికింది. అంటే థియోడోసియస్ చక్రవర్తి చేత తప్పు ఒప్పించి ప్రాయశ్చిత్తం చేయించిన మనిషి ఈ పుస్తకంలోకి వచ్చింది అంతకుముందు చేసిన గవర్నరుగిరీ పుణ్యాన. ఫ్రెంచి వైపు సంపుటాలు ప్రాంతాల వారీగా వస్తున్నాయి, ఆఫ్రికా 1982లో వచ్చింది, ఇటలీ ఆ తర్వాత చాలా ఏళ్ళకి. అవి పక్కన లేకుండా పీఎల్ఆర్ఈ ఒక్కదాని మీద ఆధారపడితే ఐదో శతాబ్దపు రాజకీయం సగమే కనబడుతుంది.

రెండో ఫిర్యాదు, వీళ్ళ తెల్లకాలర్ పక్షపాతం. ఊరి కౌన్సిల్ సభ్యులు, వాళ్ళని క్యూరియల్స్ అంటారు, మామూలుగా ఇందులోకి రారు. పన్ను వసూలు చేసి పైకి పంపేది వాళ్ళు, తక్కువ పడితే సొంత ఆస్తిలోంచి కట్టేది వాళ్ళు, ఆ బాధ తప్పించుకోడానికి సైన్యంలోకో చర్చిలోకో సెనేట్‌లోకో పారిపోతుంటే చక్రవర్తులు చట్టం మీద చట్టం చేసి వెనక్కి లాగింది వాళ్ళనే. ఆ వర్గం లేకుండా సామాజిక చరిత్ర ఏం రాస్తాం? ఇక కౌలు రైతుల సంగతి సరేసరి. పారిపోవాలని చూసే కౌలుదార్లకి సంకెళ్ళు వేయమని 332లో కాన్‌స్టంటైన్ ఇచ్చిన చట్టం ఉంది, ఆ సంకెళ్ళు పడ్డవాళ్ళ పేర్లు ఇందులో దొరకవు. గుమాస్తాలు కూడా అరుదే. ఏదైనా రాసి మిగిల్చినవాడైతే తప్ప. జాన్ లిడస్ అలా దొరుకుతాడు. ఇప్పటి టర్కీలో ఉన్న ఫిలడెల్ఫియా నుంచి కాన్‌స్టాంటినోపుల్‌కి వచ్చి, 511లో ప్రిఫెక్ట్ ఆఫీసులో చేరాడు, ఆ ప్రిఫెక్ట్ తన ఊరివాడే, మొదటి ఏడాదే వెయ్యి బంగారు నాణేలు సంపాదించానని ఆయనే రాసుకున్నాడు, అదీ నిజాయితీగానే అని నొక్కి చెప్పాడు (జీతం గురించి కాదు, పైన వచ్చే ఫీజుల గురించి). ఆ ఆఫీసుల్లో ఇలాంటి గుమాస్తాలు వందల్లో ఉండేవాళ్ళు, మనకి తెలిసింది ఈయన ఒక్కడి గోడే.

ఈ గొయ్యి పూడ్చుకోడానికి నేనైతే పపైరీ డాట్ ఇన్ఫో వాడతాను. ఉచితం, ఎవరైనా తెరవొచ్చు. ఈజిప్టులో దొరికిన పపైరస్ కాగితాల పాఠాలు, తేదీలు, కొన్నింటికి అనువాదాలు ఒకేచోట ఉంటాయి. ఆక్సిరింకస్‌లో ఆపియన్ కుటుంబానికి పెద్ద భూములు ఉండేవి, ఆ ఇంట్లో ఫ్లావియస్ ఆపియన్ 539లో కాన్సల్ కూడా. పీఎల్ఆర్ఈలో ఆ ఇంటి పెద్దలు దొరుకుతారు. వాళ్ళ పొలంలో నీళ్ళ చక్రానికి ఇరుసు విరిగిందని కొత్తది తీసుకుని రసీదు రాసిచ్చిన రైతు మాత్రం పపైరస్‌లోనే దొరుకుతాడు. రెండూ పక్కపక్కన తెరుచుకుంటే ఆ పెద్దింటి శిఖరం కింద ఏముందో తెలుస్తుంది. అఫ్రోడిటో అనే ఊరి కాగితాలు ఇంకా బాగుంటాయి, డయోస్కోరస్ అని ఒక లాయరు, కవి కూడా, తమ ఊరి పన్ను తామే వసూలు చేసి కట్టుకునే హక్కు కోసం జిల్లా అధికారులతో ఏళ్ళ తరబడి పోరాడాడు, కాన్‌స్టాంటినోపుల్ దాకా వెళ్ళాడు, మధ్యలో గవర్నర్ల మీద పొగడ్త పద్యాలు కూడా రాశాడు పాపం. విగ్రహాలూ వాటి పీఠాల మీది శాసనాలూ కావాలంటే ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ లాస్ట్ స్టాచూస్ ఆఫ్ యాంటిక్విటీ ఉంది, అదీ ఉచితమే, ఒక్కో శాసనానికి ఇంగ్లీషు అనువాదం ఇస్తారు.

అనువాదం అంటే గుర్తొచ్చింది. పీఎల్ఆర్ఈ ఇంగ్లీషు పుస్తకమే గానీ లాటిన్, గ్రీకు ముక్కలు ఉన్నవి ఉన్నట్టు దించేస్తారు, అర్థం ఇవ్వరు. దానికి తోడు పొట్టి అక్షరాల అడవి: పీపీఓ, ఎంవీఎం, సీఎస్ఎల్, వీసీ... మొదటిది ప్రిటోరియన్ ప్రిఫెక్ట్, రెండోది సేనాపతి, మూడోది ఖజానా మంత్రి, చివరిది వీర్ క్లారిసిమస్, అంటే సెనేటర్ల కనీస హోదా. ముందు పేజీల్లో పట్టిక ఉంది, దాన్ని జిరాక్స్ తీసి పక్కన పెట్టుకోకపోతే మొదటి వారం నరకం. హోదాల మాట వచ్చింది కాబట్టి, క్లారిసిమస్, స్పెక్టాబిలిస్, ఇల్లుస్ట్రిస్ అన్న మెట్లని (కింది నుంచి పైకి) జాగ్రత్తగా గమనించండి. నాలుగో శతాబ్దం మొదట్లో గొప్పగా ఉన్న క్లారిసిమస్, సెనేట్‌లోకి జనం పెరిగేకొద్దీ చవకబారిపోయింది, అసలు పలుకుబడి పై మెట్టుకి జరిగింది. ఒక ఎంట్రీలో వీసీ అని కనబడితే అది ఏ సంవత్సరం నాటిదో చూడకుండా ఇంత పెద్దమనిషా అనుకోకూడదు.

మొదటి సంపుటంలో హిస్టోరియా ఆగస్టా నుంచి వచ్చిన పేర్లతో జాగ్రత్త. ఆరుగురు రాశామని చెప్పుకునే ఆ చక్రవర్తుల జీవిత కథలు నిజానికి ఒక్కడే చాలా తర్వాత రాశాడన్నది ఇప్పుడు ఎక్కువమంది పండితుల మాట, దాంట్లో ఊహించి పుట్టించిన మనుషులు బోలెడు. పీఎల్ఆర్ఈ అలాంటివాళ్ళని వదిలేయకుండా, అనుమానం గుర్తు పెట్టి మరీ ఇచ్చింది. ఆ గుర్తు చూడకుండా ఎత్తి రాసుకుంటే పుట్టనివాడికి ఉద్యోగం ఇచ్చినట్టే. ఇవి కాక ఆ సంపుటం మీద సవరణలు, చేర్పులు పత్రికల్లో కుప్పలుగా వచ్చాయి. 1971 తర్వాత బయటపడిన శాసనాలూ పపైరస్‌లూ సహజంగానే ఇందులో ఉండవు, ఎంట్రీ చూశాక ఆ మనిషి పేరుతో కొత్త వ్యాసాలు వెతకడం మానకండి.

ధర గురించి ఏం చెప్పను, ఒక మనిషి సొంతంగా కొనుక్కునే రకం కాదు. లైబ్రరీలో కూర్చుని చూసుకోవాల్సిందే, రెఫరెన్స్ విభాగంలో ఉంటుంది కాబట్టి ఇంటికి ఇవ్వరు.

ఒకే ఒక్క సంపుటం దొరికే అవకాశం ఉంటే రెండోది అడగండి. నాలుగో శతాబ్దానికి అమ్మియానస్ ఉన్నాడు, సెనేటర్ సిమ్మాకస్ ఉత్తరాలు తొమ్మిది వందలకి పైగా ఉన్నాయి, ఆరో శతాబ్దానికి చరిత్రకారుడు ప్రొకోపియస్ ఉన్నాడు, చేతికి ఏదో ఒక కథ దొరుకుతుంది. ఐదో శతాబ్దపు పశ్చిమానికి అలాంటి పెద్ద కథనం పూర్తిగా మిగల్లేదు, పొడి పొడి క్రానికల్స్ (ఏడాది వారీ టిప్పణాలు), ముక్కలైన చరిత్రలు, గాల్‌లోని కవి, బిషప్ సిడోనియస్ ఉత్తరాలు. అన్నీ ఏరి ఒకచోట పెట్టే పుస్తకం అక్కడ చాలా అవసరం. పశ్చిమ సామ్రాజ్యపు సేనాపతి రిసిమర్ ఎంట్రీతో మొదలుపెట్టండి. తను ఎప్పుడూ చక్రవర్తి కాలేదు, మజోరియన్‌ని చక్రవర్తిగా నిలబెట్టి తనే చంపించాడు, తర్వాత లిబియస్ సెవెరస్‌ని కూర్చోబెట్టాడు, తూర్పు నుంచి వచ్చిన ఆంథెమియస్ కూతుర్ని పెళ్ళాడి 472లో ఆ మామగారినే మట్టుబెట్టి ఒలిబ్రియస్‌కి కిరీటం పెట్టాడు (ఈయన ప్రోబస్ కొడుకు కాదు, వేరే ఒలిబ్రియస్), కొన్ని వారాలకే తనూ పోయాడు. ఆ ఎంట్రీలో ఉన్న ప్రతి పేరునీ పట్టుకుని వాళ్ళ వాళ్ళ పేజీలకి వెళ్ళండి, అక్కడి నుంచి చివర్లో ఉన్న వంశవృక్షాలకి. ఆ ఒలిబ్రియస్ పుట్టిన అనిసీ కుటుంబంలోనే మన ప్రోబస్ పెళ్ళి చేసుకున్నది.